ప్రెస్‌లో పెట్టిన ల్యాప్‌టాప్

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది అత్తగారు, ఆ తర్వాత ల్యాప్‌టాప్. అత్తగారు తనంతట తాను లేస్తుంది. ల్యాప్‌టాప్‌ని లేపడానికి మాత్రం పెద్ద తతంగమే ఉంది. చార్జర్ తీగను భోజనాల బల్ల కాలికి ఒక చుట్టు చుట్టాలి, పిన్నును కాస్త పైకెత్తి గుచ్చాలి, అది జారకుండా పక్కన పంచదార డబ్బా ఆనించాలి. ఇంతా చేశాక బల్లను ఎవరూ తాకకూడదు. తాకితే పిన్ను జారి కాసేపట్లో తెర నల్లబడుతుంది, ఆ వెంటనే కోడలి మొహం మాడిపోతుంది.

"సొంతింట్లో ఆస్పత్రిలో నడిచినట్టు నడవాల్సి వస్తోంది," అంది అత్తగారు బుధవారం పొద్దున్న, టీ కప్పులు పట్టుకుని ఆ తీగను దాటుతూ. "దానికి బ్యాటరీ అని ఒకటి ఉంటుందటగా. అదేం చేస్తోంది?"

"ఉంది అత్తయ్యా. పేరుకి ఉంది," అంది కోడలు.

నిజమే. తెర మీద నూటికి నూరు అని చూపిస్తుంది, చార్జర్ తీస్తే ఏడు నిమిషాల్లో ఆరిపోతుంది. కుండ నిండుగానే ఉంది, కాని కుండే చెంబంత అయిపోయింది. కొత్తలో పట్టినదాంట్లో ఇప్పుడు నాలుగు శాతమే పడుతోందని ల్యాప్‌టాప్ తనే పట్టిక వేసి మరీ చెబుతోంది. పోనీ పాత బ్యాటరీయా అంటే అదీ కాదు. పాతది అయిపోతే ఎనిమిది నెలల కిందటే భర్త మార్పించాడు. కంపెనీది కావాలంటే వారం ఆగాలన్నారని, ఆఫీసులో ఒకాయనకు తెలిసినవాడి దగ్గర అదే రోజు దొరికింది వేయించుకొచ్చాడు. "అచ్చం ఒరిజినల్ లాంటిదే," అన్నాడు. లాంటిదే అన్న మాట దగ్గర ఎవరైనా ఒక్క నిమిషం ఆగి ఉండాల్సింది. ఎవరూ ఆగలేదు.

కోడలికి ఆ ల్యాప్‌టాప్‌తో ఇప్పుడు పెద్ద అవసరమే పడింది. ఒకప్పుడు ఆమె ఒక పుస్తకాల సంస్థలో పేజీలు పేర్చే పని చేసేది. ఆ ఆఫీసు ఊరు మారిపోయింది, ఆమె ఉద్యోగం పోయింది. తర్వాత ఆరేళ్లు వెతికింది. బయట పని దొరకనప్పుడు ఇంట్లో పని దొరుకుతుంది, అది ఎప్పుడూ దొరుకుతుంది. ఇన్నాళ్లకు ఒక సంస్థవాళ్లు పరీక్షగా ఒక పుస్తకం చేతిలో పెట్టారు. ఎనిమిదో తరగతి సైన్సు, రెండు వందల నలభై పేజీలు, శుక్రవారం సాయంత్రానికి పేర్చి పంపాలి. నచ్చితే ఉద్యోగం, అదీ ఇంటి నుంచే. నచ్చకపోతే పరిచయమైనందుకు సంతోషం.

"ఏవండీ," అంది ఆమె భర్తతో. "ఇది కింద ఉబ్బినట్టుంది. బల్ల మీద సరిగ్గా కూర్చోవట్లేదు, ఊగుతోంది. టచ్‌ప్యాడ్ కూడా నొక్కుకోవట్లేదు."

భర్త ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "వేడికి అలాగే ఉంటుందిలే. ఆదివారం చూద్దాం."

"పోయిన ఆదివారం కూడా ఈ ఆదివారం అనే అన్నారు."

"చూశావా, మాట మీద ఎలా నిలబడ్డానో," అన్నాడతను, షూ లేసులు కట్టుకుంటూ. అతను చెడ్డవాడేం కాదు. గుద్దుకున్న కార్లను చూసి, ప్రమాదం ఎలా జరిగింది, నిర్లక్ష్యం ఎవరిది అని ఇన్సూరెన్స్ కంపెనీకి రాసిచ్చే ఉద్యోగం. రోజంతా పగిలిన అద్దాలూ సొట్టపడిన తలుపులూ చూసి ఇంటికొచ్చే మనిషికి, బల్ల మీద వస్తువు కాస్త ఊగితే అదొక విషయంగా కనిపించదు. నిమ్మకు నీరెత్తినట్టు లేచి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఆ మాటలు విన్న మనిషి మాత్రం ఇంకొకరున్నారు. పెద్దాయన, అంటే మామగారు, వెనక గది గుమ్మంలో నిలబడి చేతులకంటిన జిగురు గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నలభై ఏళ్లుగా పుస్తకాలు బైండు చేశాడాయన. దుకాణం మూసేసినా సామాను మూసెయ్యలేక పుస్తకాలను నొక్కి బిగించే ఇనప ప్రెస్సూ, కత్తులూ, అట్టలూ అన్నీ వెనక గదిలోకి తెచ్చుకున్నాడు. నెలకోసారి లైబ్రరీ వాళ్లు చిరిగిన పుస్తకాలు నాలుగు పంపితే పండగ. మిగతా రోజుల్లో ఆ ప్రెస్ ఊరికే ఉండకుండా ఇంట్లో వంకరపోయిన ప్రతిదాన్నీ అందులో పెడతాడు. వానకు తడిసిన సర్టిఫికెట్లు పెట్టాడు, బాగయ్యాయి. ఉబ్బిపోయిన ఫొటో ఆల్బమ్ పెట్టాడు, బాగయింది. కూరలు తరిగే చెక్క వంగిపోతే రెండు రోజులు బిగించి ఉంచాడు, ఇప్పటికీ వాడుతున్నారు. ఒకసారి భార్య చెప్పులు పెట్టాడు, అవి మాత్రం అట్టముక్కల్లా బయటికొచ్చాయి. ఆ సంగతి అత్తగారు ఈనాటికీ మర్చిపోలేదు, ఆయన్నీ మర్చిపోనివ్వలేదు.

కోడలు టచ్‌ప్యాడ్ మీద బొటనవేలు అదిమి అదిమి నొక్కుతుంటే గోరు తెల్లబడుతోంది. మధ్యమధ్యలో ఆ వేలు నోట్లో పెట్టుకుని, మళ్లీ తీసి నొక్కుతోంది. పెద్దాయన అక్కడే నిలబడి అదంతా చూశాడు.

"ఏంటి అలా నిలబడ్డారు?" అంది అత్తగారు.

"అమ్మాయి వేలు నొప్పి పెడుతున్నట్టుంది."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? కట్టుకున్నవాడికే పట్టలేదు. మీరు వెళ్లి మీ పుస్తకం చూసుకోండి."

ఆయన వెళ్లాడు. ఆ మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్ ఊగడం మానేసింది. ఎందుకు మానేసిందో కోడలు చూసుకోలేదు, తలెత్తే తీరికే లేదు.

గురువారం పొద్దున్న ఆమె బొమ్మలు తీసుకోవడానికి ఆ సంస్థ ఆఫీసుకు వెళ్లింది. గుండె బొమ్మా, కప్ప బొమ్మా పెద్ద సైజువి కావాలంది, వచ్చి తీసుకెళ్లమన్నారు. పోవడం రావడం రెండు గంటలు. తిరిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఏదో వాసన తగిలింది. తీపిగా ఉంది, గోళ్ల రంగు తుడిచే మందులా ఉంది. భోజనాల బల్ల మీద చార్జర్ తీగ ఒక్కటే ఉంది.

పెరట్లో సిమెంటు గచ్చు మీద ఇసక కుప్ప, ఆ ఇసకలో సగం మునిగి ల్యాప్‌టాప్. తెర బార్లా తెరుచుకుని ఉంది. అడుగు భాగం ఒక మూల నల్లగా కమిలిపోయి, అక్కడినుంచి సన్నగా పొగ ఇంకా వస్తోంది. పక్కన తోలు ఏప్రన్ కట్టుకుని, ఖాళీ పూలకుండీ పట్టుకుని పెద్దాయన.

"ఏం చేశారు మామయ్యా?"

వెనకనుంచి అత్తగారే చెప్పింది. "ప్రెస్‌లో పెట్టారు. ఉబ్బిందని."

కోడలు ఆ ఇంటికొచ్చిన తొమ్మిదేళ్లలో మామగారి ముందు గొంతు పెంచింది లేదు. ఆ రోజు పెంచింది. పక్కింటివాళ్లు కిటికీ తెరిచారు, తనకు కనబడినా తగ్గించలేదు.

"అది పుస్తకం కాదు మామయ్యా. అట్టముక్క కాదు. మూడు రోజుల పని అందులో ఉంది. ఆదివారం దాకా చేసింది మాత్రమే వాళ్లకు పంపాను. తొంభై పేజీలు ఇందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. ఆరేళ్లు ఎదురుచూశాను నేను. ఆరేళ్ల తర్వాత ఒకరు నమ్మి పనిచ్చారు. రేపు సాయంత్రం ఏమని చెప్పను? మా మామగారు ప్రెస్‌లో పెట్టారని చెప్పనా? ముట్టుకునే ముందు ఒక్క మాట అడగొచ్చుగా. మీకు తెలియని వస్తువు కదా, ఎందుకు ముట్టుకున్నారు?"

పెద్దాయన పూలకుండీని నెమ్మదిగా కింద పెట్టాడు. "తప్పయిందమ్మా," అన్నాడు. ఏప్రన్ విప్పి గోడకు తగిలించి లోపలికి వెళ్లిపోయాడు.

ఫోన్ చేస్తే భర్త అరగంటలో వచ్చాడు. వస్తూనే తండ్రి మీద పడ్డాడు. ఎదురుగా తప్పు చేసిన మనిషి కనబడితే అందరికీ గొంతు లేస్తుంది.

"కనబడిందల్లా ప్రెస్‌లో పెట్టడమేనా నాన్నా? ఇల్లు తగలబడేది. చదువుకున్నవాళ్లు ఇంట్లో ఇద్దరున్నాం, మాకు తెలియదా దాని సంగతి?"

పెద్దాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్తగారు కొడుకు వైపు ఒక చూపు చూసి, అనబోయిన మాటను మింగేసింది. "ముందు దాన్ని బాగుచేయించే చోటికి తీసుకెళ్లండి. తర్వాత అరుచుకోవచ్చు," అంది.

పొగ పూర్తిగా ఆగాక బకెట్లో ఇసక పోసి, దాంట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఇద్దరూ బయల్దేరారు. రిపేరు దుకాణం నడిపేది నలభై దాటిన ఒకావిడ. నుదుటికి లైటు కట్టుకుని, నాలుగు రకాల స్క్రూడ్రైవర్లు జేబులో గుచ్చుకుని ఉంది. బకెట్ చూసి ఆశ్చర్యపోలేదు. రోజుకొకటి చూస్తుందేమో.

ఆవిడ వెనక్కి తిప్పగానే అడుగున అతికించి ఉన్న నాలుగు చిన్న ముక్కలు కనబడ్డాయి. బైండింగ్ అట్టను నాలుగు మూలలకూ నాలుగు మందాల్లో కోసి, పైన పుస్తకాల అట్టలకేసే నల్ల కాలికో గుడ్డ తొడిగి, అంచులు లోపలికి మడిచి అతికించారు. ఉబ్బు ఎక్కడెంత ఉందో కొలిచి, ఊగకుండా చేసిన పాదాలు అవి.

"ఇదెవరు చేశారు? ఇంత నీటుగా కంపెనీవాళ్లు కూడా చెయ్యరు," అంది రిపేరావిడ.

కోడలు ఒక పాదాన్ని వేలితో తడిమింది. నిన్న మధ్యాహ్నం నుంచి ల్యాప్‌టాప్ ఊగకపోవడం ఇప్పుడు గుర్తొచ్చింది.

స్క్రూలు విప్పి అడుగు మూత తీస్తే లోపల బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది. అందులోని సంచుల్లాంటి సెల్లుల్లో ఒకటి పగిలి నల్లబడింది. ఆవిడ ప్లాస్టిక్ పుల్లతో జాగ్రత్తగా దాన్ని లేపి ఇసకలో వేసింది. "నొక్కడం తప్పే. ఉబ్బిన బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, చార్జింగ్ పెట్టకూడదు. కాని ఇంత ఉబ్బింది ఇవాళ కాదు, నిన్న కాదు. రెండు మూడు నెలల నుంచి ఉబ్బుతోంది. ఎవరూ చూడలేదా?"

"చూశాం," అంది కోడలు.

"చూసి కూడా వాడారా? గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు. ఇది కంపెనీది కాదు. పైన రాసినదాంట్లో సగం కూడా లోపల లేదు. ఇలాంటిది పొద్దస్తమానం చార్జింగ్‌లో ఉంటే దానంతట అదే ఒక రోజు మీ ఒళ్లో పేలేది. ఎక్కడ వేయించారు?"

ఆవిడ అడిగింది భర్తను. అతను ఇసక బకెట్ వైపు చూశాడు. "గుర్తులేదండీ," అన్నాడు.

భార్య అతని మొహం చూసింది. ఆ చూపు అతనికి తిట్టుకన్నా కష్టంగా ఉంది.

"అదృష్టం ఏంటంటే," అంది రిపేరావిడ, మెమరీ ముక్కను వేరే పెట్టెకు తగిలించి, "ఆ మనిషెవరో గానీ కింద భాగమే నొక్కారు, తెర బయటికి ఉంచారు. అటూ ఇటూ దూది పెట్టినట్టున్నారు, ఇదిగో పోగులు. వాసన రాగానే తీసి బయట పడేసి ఉంటారు. మీ ఫైళ్లు ఉన్నాయి, అన్నీ ఉన్నాయి. కంపెనీ బ్యాటరీ రేపు పదకొండుకి తెప్పిస్తాను. టచ్‌ప్యాడ్ పోయింది, మౌస్ పెట్టుకోండి. ఇకమీదట ఎనభై శాతం దగ్గర చార్జింగ్ ఆగేలా పెడతాను, ఎక్కువ కాలం వస్తుంది. ఆ తీసినాయన చేతికేం కాలేదు కదా?"

కోడలికి ఆ ప్రశ్నకు జవాబు తెలియదు. చెయ్యి చూడలేదు తను.

దారిలో ఆమె ఆ సంస్థకు ఫోన్ చేసింది. సాకులు చెప్పలేదు, బ్యాటరీ కాలిపోయిందని ఉన్నదున్నట్టు చెప్పింది. అవతలి ఆయన, "శనివారం మధ్యాహ్నం పన్నెండు. ఆ తర్వాత వద్దులెండి," అన్నాడు.

ఇంట్లో అత్తగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉంది. పెద్దాయన ఎదురుగా కుర్చీలో ఉన్నాడు, ఎడమ అరచేతికి గుడ్డ కట్టు. ముందు పెట్టిన కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఫైళ్లు పోలేదు మామయ్యా," అంది కోడలు. "శనివారం దాకా టైమిచ్చారు."

ఆయన కళ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. "అదే అడుగుదామనుకుంటున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు."

"చెయ్యి చూపించండి."

"ఏం లేదులే."

"చూపించండి," అంటూ ఆమె కట్టు విప్పింది. అరచెయ్యంతా బొబ్బలు. ఏప్రన్‌తోనే పట్టుకున్నాడట, కాని పెరటి తలుపు గడియ తియ్యడానికి ఒక చెయ్యి కావాల్సి వచ్చింది, అప్పుడు రెండో అరచేతిమీద మోశాడట. మధ్యలో వదిలేస్తే వెనక గదిలో కాగితాలన్నీ అంటుకుంటాయని వదల్లేదట. ఇదంతా అత్తగారు చెబుతోంది. ఆయన అడ్డొస్తున్నాడు గాని ఆవిడ ఆగడం లేదు.

"ఇంకొకటి కూడా చెబుతాను," అంది అత్తగారు కొడుకు వైపు తిరిగి. "పొద్దున్న నువ్వు అరుస్తున్నప్పుడే చెప్పాల్సింది. సోమవారం ఆయన నీకు చెప్పారు. కింద ఏదో ఉబ్బుతోందిరా, ఒకసారి చూడరా అని. నేను పక్కనే ఉన్నాను. నువ్వేమన్నావు? తెలియని దాంట్లో వేలు పెట్టకు నాన్నా అన్నావు. అంటే ఆయన మళ్లీ నిన్ను అడుగుతారా?"

భర్త నిలబడ్డవాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చాలాసేపు బల్ల మీది పంచదార గింజలు వేలితో ఒకచోటికి చేర్చాడు.

"ఆ బ్యాటరీ నేను వేయించిందే నాన్నా," అన్నాడు చివరికి. "దుకాణంలో ఆవిడ అడిగితే గుర్తులేదన్నాను. ఎక్కడ వేయించానో నాకు బాగా గుర్తుంది. రోజూ పదిమంది ప్రమాదాలు చూసి నిర్లక్ష్యం ఎవరిదో రాస్తాను. ఇది రాయాల్సి వస్తే నీ పేరు రాయను. నా పేరే రాస్తాను."

"ఎవరి పేరూ రాయక్కర్లేదురా," అన్నాడు పెద్దాయన. "నొక్కింది నేను."

కోడలు కట్టు కడుతూనే ఉంది.

"నేను ఈయనకు మూడుసార్లు చెప్పాను మామయ్యా. ఉబ్బిందని, ఊగుతోందని, వేలు నొప్పి పుడుతోందని. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మీకు నేను చెప్పనే లేదు. గుమ్మంలో నిలబడి మీరు విన్నారు. ఈ ఇంట్లో నా మాట విన్నది మీరొక్కరే, నేను అరిచింది కూడా మీ మీదే." ఆయన కట్టు మీద నుదురు ఆనించి ఏడ్చింది.

పెద్దాయన కుడి చేత్తో ఆమె తల నిమిరాడు. "నువ్వు అరిచిందాంట్లో ఒక మాట నిజమేనమ్మా. అడగాల్సింది. నేనెందుకు అడగలేదో చెప్పనా? అడిగితే మీకేం తెలుసు మామయ్యా అంటావేమోనని. నాకేం తెలుసో చూపిద్దామనుకున్నాను. నలభై ఏళ్లు నాకు తెలిసిన పనే అది, ఉబ్బినదాన్ని సరిచెయ్యడం. ఈ మధ్య ఎవరూ ఏదీ తేవడం లేదు కదా. నీకు ఒక పని చేసిపెట్టగలనని చూపించుకుందామనుకున్నాను. ముసలి బుద్ధి."

అత్తగారు లేచి కంచం తీసుకెళ్లి, అన్నం వేడిచేసి తెచ్చి మళ్లీ పెట్టింది. "ఎడమ చెయ్యే కాలింది. కుడి చేత్తో తినొచ్చు," అంది. ఆయన తిన్నాడు.

శుక్రవారం భర్త సెలవు పెట్టాడు. పదకొండుకి దుకాణానికి వెళ్లి, కంపెనీ బ్యాటరీ సీలు తియ్యడం తన కళ్లతో చూసి, అది భార్య ల్యాప్‌టాప్‌లో పెట్టేదాకా కదలకుండా నిలబడ్డాడు. వచ్చేటప్పుడు మౌస్ కూడా కొనుక్కొచ్చాడు. కోడలు ఆ రోజూ మర్నాడూ ఎక్కడ వీలైతే అక్కడ కూర్చుని పనిచేసింది. వంటింటి గట్టు మీద, పెరటి మెట్ల మీద, మామగారి ప్రెస్ పక్కన స్టూలు మీద. చార్జర్ తీగ లేకుండా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతూ పనిచెయ్యడం ఆమెకు ఎన్నో నెలల తర్వాత మొదటిసారి. శనివారం పదకొండూ నలభైకి రెండు వందల నలభై పేజీలూ వెళ్లిపోయాయి.

"ఇకమీదట నువ్వు ఏదైనా చెబితే తల ఎత్తి వింటాను," అన్నాడు భర్త ఆ మధ్యాహ్నం.

"తల ఎత్తకపోయినా ఫర్లేదు. లేచి రండి చాలు," అంది ఆమె. నవ్వుతూనే అంది గాని, నవ్వుతూ అన్నది కాదని అతనికి తెలిసింది.

మంగళవారం పొద్దున్న పదింటికి ఫోన్ వచ్చింది. భర్త ఆఫీసుకు వెళ్లిపోయాడు, అత్తగారు బయట బట్టలారేస్తోంది. కోడలు ఫోన్‌లో అవును, సరే, అలాగేనండీ అని మూడు మాటలే అంది. ఫోన్ పెట్టేశాక బల్ల దగ్గర ఒక్క క్షణం కూడా కూర్చోలేదు. వెనక గదిలోకి వెళ్లింది.

పెద్దాయన ఒంటిచేత్తో లైబ్రరీ పుస్తకానికి జిగురు రాస్తున్నాడు.

"మామయ్యా, ఉద్యోగం వచ్చింది."

ఆయన బ్రష్ ఆపాడు. "మీ ఆయనకు చెప్పావా?"

"లేదు."

"అత్తయ్యకు?"

"ఇంకా లేదు. ముందు మీకే."

పెద్దాయన మళ్లీ పుస్తకం మీదికి వంగాడు. జిగురు రాసిన చోటే రాస్తున్నాడు. కాసేపటికి అది కూడా మానేసి, మోచేతితో కళ్లు తుడుచుకున్నాడు.

"కూర్చోమ్మా," అన్నాడు, అట్టలన్నీ పక్కకు జరిపి స్టూలు ఖాళీ చేస్తూ. "మొదటినుంచి చెప్పు. వాళ్లేమన్నారో అంతా చెప్పు."